చిన్న ఆఫీసులో స్టోరేజ్ సర్వర్: దాచడం వేరు, కాపాడటం వేరు



కొమరోలు హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్ళిన మేము కొందరం ఇప్పుడు చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ పనులు చూసుకుంటున్నాము. ఈ సంచికలో కవితలు, కథలు, వార్డెన్ గారి సందేశం ఎలాగూ ఉంటాయి కాబట్టి, మేము మాకు తెలిసిన పని గురించే నాలుగు మాటలు రాద్దామనుకున్నాము. మీలో చాలామంది రేపు డిగ్రీయో డిప్లొమాయో ముగించి ఆడిటర్ ఆఫీసులోనో, ఫోటో స్టూడియోలోనో, మార్కాపురం పలకల ఫ్యాక్టరీ ఆఫీసులోనో, గ్రామ సచివాలయంలోనో చేరతారు. చేరిన నెలలోపే "నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఆ మూలనున్న పెట్టె సంగతి కూడా నువ్వే చూసుకో" అంటారు. ఆ పెట్టె పేరే స్టోరేజ్ సర్వర్. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ముందే తెలిసి ఉంటే మంచిది. ఎందుకంటే అందులో ఉండేవి ఎవరో ఒకరి పొలం కాగితాలు, ఎవరో ఒకరి మార్కుల జాబితాలు, ఎవరో ఒకరి పెళ్ళి ఫోటోలు.

పెన్ డ్రైవుల తిరుగుడు

గిద్దలూరులో ఐదుగురు పనిచేసే ఒక ఆడిటర్ ఆఫీసు ఉందనుకోండి. ఐదు కంప్యూటర్లు. ఒకరు తయారుచేసిన లెక్కల ఫైలు ఇంకొకరికి కావాలంటే పెన్ డ్రైవులో ఎక్కించి ఇస్తారు. వారు దాన్ని మార్చి "ఫైనల్" అని పేరు పెడతారు. మూడో వారు ఇంకా మార్చి "ఫైనల్ 2" అంటారు. వారం తిరిగేసరికి ఏది అసలైన ఫైనలో ఎవరికీ తెలియదు. ఈలోపు ఒక కంప్యూటరుకు వైరస్ సోకితే పెన్ డ్రైవు పుణ్యమా అని ఐదింటికీ అంటుకుంటుంది. ఒక కంప్యూటరు హార్డ్ డిస్కు పోతే ఆ మనిషి చేసిన సంవత్సరం పని పోతుంది.

ఈ తిప్పలు తప్పించడానికే అందరి ఫైళ్ళూ ఒకేచోట ఉంచే పద్ధతి వచ్చింది.

చెరువూ, బోర్లూ

మన ప్రాంతంలో దీన్ని అర్థం చేసుకోవడం సులభం. ఎవరి పొలంలో వారు బోరు వేసుకోవడం ఒక పద్ధతి. కంభం చెరువులాగా అందరికీ ఒకే చెరువు ఉండి, తూముల ద్వారా ఎవరి కాలువకు వారి నీరు రావడం ఇంకొక పద్ధతి. ఎవరి కంప్యూటర్లో వారు దాచుకోవడం బోరు లాంటిది. స్టోరేజ్ సర్వర్ చెరువు లాంటిది.

దీన్ని నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అనీ, పొట్టిగా నాస్ అనీ అంటారు. నిజానికి ఇది కూడా ఒక కంప్యూటరే. ప్రాసెసర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. మానిటరూ కీబోర్డూ మాత్రం ఉండవు. ముందు భాగంలో హార్డ్ డిస్కులు పెట్టే అరలు, వెనుక భాగంలో నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు ఉంటాయి. కేబుల్ తీసుకెళ్ళి ఆఫీసులోని స్విచ్‌కు కలిపితే అందరి కంప్యూటర్లలోనూ అది ఒక ఫోల్డరులా కనిపిస్తుంది. అమరికలన్నీ మన కంప్యూటర్లోని బ్రౌజర్ ద్వారానే చేసుకోవచ్చు. సినాలజీ, క్యూనాప్ వంటి కంపెనీలు వీటిని తయారుచేస్తున్నాయి. పాత కంప్యూటర్ ఒకటి బాగున్న స్థితిలో ఉంటే ట్రూనాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి దాన్నే నాస్‌గా మార్చుకోవచ్చు కూడా.

ర్యాక్ పెట్టె అంటే?

నాస్ రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి బల్ల మీద పెట్టుకునేది. రెండవది ర్యాక్‌లో బిగించేది. ర్యాక్ అంటే ఇనుప అల్మరా చట్రం. దీనికి ప్రపంచమంతటా ఒకే కొలత. వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును "యూ" అనే లెక్కలో చెబుతారు. 1 యూ అంటే 1.75 అంగుళాలు. 1 యూ పెట్టెలో సాధారణంగా 4 డిస్కులు, 2 యూ పెట్టెలో 8 నుంచి 12 డిస్కులు పడతాయి. స్విచ్, యూపీఎస్, స్టోరేజ్ అన్నీ ఒకే చట్రంలో అరలు అరలుగా బిగించి తాళం వేసుకోవచ్చు. ఎవరి కాలికీ తీగ తగలదు, ఎవరూ పొరపాటున ప్లగ్గు పీకరు.

అయితే కొనేముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది చప్పుడు. 1 యూ పెట్టె పలుచగా ఉంటుంది కాబట్టి అందులో చిన్న ఫ్యాన్లే పడతాయి. చిన్న ఫ్యాను అంతే గాలి తోలాలంటే చాలా వేగంగా తిరగాలి. అందుకే ఈల వేసినట్టు మోత. మనుషులు కూర్చునే గదిలో రోజంతా అది భరించడం కష్టం. రెండవది లోతు. గోడకు బిగించే చిన్న ర్యాక్‌లో పొడవాటి సర్వర్ పట్టదు. ముందు ర్యాక్ లోతు కొలిచి, తర్వాత పెట్టె కొనాలి. మూడవది వేడి. చాలా ర్యాక్ పెట్టెలకు తయారీదారులు చెప్పే గది ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలు. మన వైపు మే నెల ఎండ 40 దాటుతుందని మీకు మేము చెప్పనక్కరలేదు. రేకుల గదిలో, కిటికీ లేని మూలన పెడితే డిస్కుల ఆయుష్షు తగ్గిపోతుంది. గాలి ఆడే గది, దుమ్ము తక్కువ ఉండే చోటు చూడాలి.

ఇద్దరు ముగ్గురే ఉండి, ర్యాక్ కూడా లేని ఆఫీసుకు బల్ల మీద పెట్టె చాలు. అప్పటికే స్విచ్, కెమెరాల రికార్డర్ ఒక ర్యాక్‌లో ఉన్న ఆఫీసుకు, విడిగా చిన్న గది ఉన్న ఆఫీసుకు ర్యాక్ పెట్టె బాగుంటుంది. చూడటానికి పెద్దగా ఉందని కొనడం మాత్రం డబ్బు దండగ.

ఇంకొక మాట. పెట్టె ఎంత మంచిదైనా మధ్యలో ఉన్న స్విచ్ పాతదైతే ప్రయోజనం ఉండదు. 10 జీబీ పెళ్ళి వీడియోను 100 మెగాబిట్ల పాత స్విచ్ మీదుగా పంపితే సుమారు 15 నిమిషాలు పడుతుంది. అదే గిగాబిట్ స్విచ్, మంచి కేబుల్ ఉంటే నిమిషంన్నరలో అయిపోతుంది.

రెయిడ్: కూడిక, తీసివేత

ఈ పెట్టెలో ఒక్క డిస్కు కాకుండా నాలుగైదు ఎందుకు? ఏ డిస్కయినా ఏదో ఒకరోజు చెడిపోతుంది. చెడిపోయినా పని ఆగకూడదు. దీనికి అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఒక ఆలోచనకు పేరు పెట్టి వివరించారు. అదే రెయిడ్. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడటం దాని సారం.

పద్ధతి ఎలా ఉంటుందో మన ఆరో తరగతి లెక్కతో చెప్పుకుందాం. మూడు డిస్కుల మీద 5, 3, 4 అనే అంకెలు రాశాము. నాలుగో డిస్కు మీద వాటి మొత్తం 12 రాశాము. ఇప్పుడు రెండో డిస్కు పోయింది. భయం లేదు. 12లో నుంచి 5, 4 తీసేస్తే 3 మిగులుతుంది. పోయిన అంకె దొరికింది. అసలు యంత్రం వేరే రకం లెక్క చేస్తుంది, మొత్తాలను కూడా ఒకే డిస్కు మీద కాకుండా అన్నిటి మీదా పంచి రాస్తుంది. కానీ సూత్రం ఇదే. దీన్ని రెయిడ్ 5 అంటారు. ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 6 అయితే రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 1 అంటే రెండు డిస్కుల మీద ఒకటే రాయడం.

4 టీబీ డిస్కులు నాలుగు పెడితే 16 టీబీ వస్తుందని ఆశపడకూడదు. రెయిడ్ 5లో 12, రెయిడ్ 6లో 8 మాత్రమే దక్కుతుంది. ఆ 12 కూడా కొన్ని కంప్యూటర్ల తెర మీద 10.9 అని కనిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అంతే తేడా.

డిస్కు పోయినప్పుడు పెట్టె బీప్ బీప్ మని మొత్తుకుంటుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. చప్పుడు విసుగ్గా ఉందని దాన్ని ఆపేసి ఊరుకోవడం పెద్ద ప్రమాదం. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయాక రెండవది కూడా పోతే అంతా పోయినట్టే. కాబట్టి అదే రకం డిస్కు ఒకటి ముందే కొని అల్మరాలో ఉంచుకోవాలి. మన వైపు ఆర్డరు పెట్టి తెప్పించుకునేసరికి రోజులు పడుతుంది. ఏ అరలోని డిస్కు పోయిందో నెంబరు చూసి అదే తీయాలి. కంగారులో మంచి డిస్కు లాగేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఎవరి తాళం వారికి

హాస్టల్లో మన ట్రంకు పెట్టెలు ఒకే గదిలో ఉన్నా ఎవరి తాళం వారిదే కదా. ఇక్కడా అంతే. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇవ్వాలి. లెక్కల ఫోల్డరు లెక్కలు చూసేవారికి, జీతాల ఫోల్డరు యజమానికి మాత్రమే తెరుచుకోవాలి. కొందరికి చూసే హక్కు చాలు, మార్చే హక్కు అక్కరలేదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి దాన్ని మానిటర్‌కు అంటించడం తాళం వేసి చెవిని తలుపుకే తగిలించినట్టు. మనిషి ఉద్యోగం మానేసిన రోజే ఆ పేరు తీసేయాలి.

ఇంకా ముఖ్యమైన సంగతి: ఇంటి నుంచి చూసుకోవచ్చు కదా అని ఈ పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2021 ఏప్రిల్లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దాడుల్లో ఇలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్ళకు దుండగులు తాళం వేసి డబ్బు అడిగారు. ఏ కంపెనీ పెట్టె అయినా జాగ్రత్త ఒకటే. కంపెనీ పంపే అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవాలి. 2017 మే నెలలో ప్రపంచమంతా వణికించిన వానాక్రై దాడిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

కట్ట తెగితే?

ఇంతదాకా చదివినవారికి ఒక ధీమా కలుగుతుంది. రెయిడ్ ఉంది, తాళాలు ఉన్నాయి, ఇక భయమేముంది అని. మేము ఈ వ్యాసం రాయడానికి కారణమే ఆ ధీమా. రెయిడ్ కాపాడేది ఒక్క ఆపద నుంచే: డిస్కు చెడిపోవడం. ఎవరైనా ఫోల్డరు చెరిపేస్తే నాలుగు డిస్కుల మీద నుంచీ ఒకేసారి పోతుంది. వైరస్ వస్తే నాలుగింటికీ వస్తుంది. దొంగ వస్తే పెట్టెతో సహా తీసుకుపోతాడు. నిప్పు అంటుకుంటే చెప్పనే అక్కరలేదు. పలక మీద ఎంత అందంగా రాసినా తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే చాలు కదా.

ఇది చిన్న ఆఫీసులకే వచ్చే కష్టం కాదు. దక్షిణ కొరియాలో ప్రభుత్వ ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ అనే ఉమ్మడి స్టోరేజ్ ఉండేది. 2025 సెప్టెంబర్ 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీ నుంచి మంటలు లేచాయి. ఆ స్టోరేజ్‌లోని 858 టీబీ సమాచారం కాలిపోయింది. అంత పెద్ద మొత్తానికి బయట ఇంకొక నకలు పెట్టలేదు. సాంకేతికంగా అంత ముందున్న దేశానికే అలా జరిగింది.

కాగితాల సంగతి కూడా అంతే. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు వచ్చి భూములకు సంబంధించిన ఫైళ్ళు కాలిపోయాయి. ఒకే గదిలో, ఒకే నకలుగా ఉన్నది కాగితమైనా డిస్కయినా దాని గతి ఒకటే.

అందుకే పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమాన్ని గుర్తుపెట్టుకోండి. ఏ ఫైలుకైనా 3 నకళ్ళు ఉండాలి. అవి 2 రకాల వస్తువుల మీద ఉండాలి. అందులో 1 వేరే ఊళ్ళోనో, వేరే భవనంలోనో ఉండాలి. చిన్న ఆఫీసు దీన్ని ఇలా పాటించవచ్చు. అసలు ఫైళ్ళు స్టోరేజ్ సర్వర్‌లో ఉంటాయి. ప్రతి రాత్రీ దానంతట అదే నకలు తీసుకునేలా ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్కు తగిలించాలి. ఇలాంటివే ఇంకొకటి కొని, వారానికి ఒకసారి మార్చి, తీసినదాన్ని యజమాని ఇంట్లో బీరువాలో పెట్టాలి. తగిలించి ఉన్న డిస్కుకు వైరస్ అంటవచ్చు, తీసి దాచిన డిస్కుకు అంటదు. ఆ డిస్కు దారిలో పోయినా ఎవరూ తెరవలేకుండా ఎన్‌క్రిప్షన్ పెట్టాలి. కొత్త రకం పెట్టెల్లో స్నాప్‌షాట్ అనే సదుపాయం కూడా ఉంటుంది. అది నిన్నటి స్థితిని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా పొరపాటున చెరిపేస్తే నిన్నటి ఫైలు వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ అది కూడా పెట్టె లోపలిదే, బయటి నకలుకు బదులు కాదు.

నకలు తీస్తున్నామని సరిపెట్టుకోకూడదు. తిరిగి వస్తుందో లేదో చూడాలి. 1998లో పిక్సార్ సంస్థ "టాయ్ స్టోరీ 2" సినిమా తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక ఆదేశంతో సినిమా ఫైళ్ళు చెరిగిపోసాగాయి. తీరా బ్యాకప్ తెరిచి చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తెలిసింది. బిడ్డను కన్నాక ఇంటి నుంచి పనిచేస్తున్న గ్యాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఒక నకలు ఉండబట్టి సినిమా బతికింది. కాబట్టి నెలకు ఒకసారి ఏవో రెండు ఫైళ్ళు బ్యాకప్ నుంచి తెచ్చి తెరిచి చూడండి. పది నిమిషాల పని.

రోజువారీ పద్ధతులు

పెట్టె బాధ్యత మీకు అప్పగిస్తే ఈ పనులు అలవాటు చేసుకోండి.

1. యూపీఎస్ తప్పనిసరి. దాని యూఎస్‌బీ తీగను స్టోరేజ్‌కు కలిపితే, కరెంటు పోయి బ్యాటరీ అయిపోవచ్చే వేళకు పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. రాస్తుండగా హఠాత్తుగా ఆగడమే డిస్కులకు చేటు.

2. ఉదయం రాగానే దీపాలు చూడండి. రాత్రి బ్యాకప్ అయ్యిందో లేదో చూసి ఒక నోటుబుక్కులో తేదీ వేయండి. హాస్టల్ హాజరు పుస్తకంలాగా.

3. నెలకోసారి ముందు జాలీ మీద దుమ్ము దులపండి.

4. ఫైళ్ళకు పేర్లు పెట్టే పద్ధతి ఒకటి అందరూ కూర్చుని నిర్ణయించుకోండి. సంవత్సరం, నెల, తేదీ, తర్వాత విషయం. "ఫైనల్" అనే మాటను నిషేధించండి.

5. అడ్మిన్ పాస్‌వర్డ్ కవరులో పెట్టి, అంటించి, యజమాని బీరువాలో ఉంచండి. మీరు సెలవులో ఉన్న రోజున ఆఫీసు ఆగకూడదు.

6. డిస్కులు నాలుగైదేళ్ళు దాటితే చెడిపోయేవరకు ఆగకుండా మార్చే ఏర్పాటు అడగండి. తీసేసిన డిస్కును పూర్తిగా చెరపకుండా పాత సామాను కింద అమ్మకూడదు. అందులో జనం ఆధార్ నెంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. ఇతరుల వివరాలు దాచేవారి మీద బాధ్యత పెడుతూ 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చేసింది.

మన కాగితాల మాట

చివరగా మన సంగతి. మన హాస్టల్‌కు ఇలాంటి ర్యాక్ పెట్టె కావాలా అని ఒక తమ్ముడు అడిగాడు. లెక్క వేసి చూద్దాం. ఒక సర్టిఫికెట్ స్కాన్ చేస్తే సుమారు 1 ఎంబీ. ఒక విద్యార్థికి 10 కాగితాలు. 100 మంది విద్యార్థులకు 1000 ఎంబీ, అంటే 1 జీబీ. ఏటా అందరివీ కొత్తగా స్కాన్ చేసినా 40 సంవత్సరాలకు 40 జీబీ. ఒక 64 జీబీ పెన్ డ్రైవులో ఇంకా చోటు మిగులుతుంది. కాబట్టి పెట్టె అక్కరలేదు. కావలసింది పద్ధతి. అదే పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోకు ఒక్క ముహూర్తాల సీజనులోనే టీబీలు నిండుతాయి. వారికి పెట్టె కావాలి. అవసరం చూసి వస్తువు కొనాలి గానీ, వస్తువు చూసి అవసరం కల్పించుకోకూడదు.

కానీ 3-2-1 నియమం మాత్రం మనకే ఎక్కువ అవసరం. కలవారి బిడ్డకు ఒక కాగితం పోతే కారులో వెళ్ళి మళ్ళీ తెచ్చుకుంటాడు. మన నాన్న ఆ ఒక్క కాగితం కోసం కూలి మానుకుని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆలోపు స్కాలర్‌షిప్ గడువు దాటిపోతుంది. కౌన్సెలింగ్ సీటు పోతుంది. మన పదో తరగతి మార్కుల జాబితా, టీసీ, కుల ధృవీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఇవన్నీ ట్రంకు పెట్టెలో అడుగున ఒకే కవరులో ఉంటాయి. ఒక వాన చాలు, ఒక చెదపురుగు చాలు.

కాబట్టి ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళేముందు ఒక పని చేయండి. మీ కాగితాలన్నీ శుభ్రంగా స్కాన్ చేయించండి. ఒక నకలు పెన్ డ్రైవులో, ఒక నకలు మీ సొంత ఈమెయిల్లో ఉంచండి. 2015లో ప్రభుత్వం తెచ్చిన డిజిలాకర్లో ఖాతా తెరిచి, దొరికే సర్టిఫికెట్లు అక్కడికి తెచ్చుకోండి. జెరాక్స్ షాపు కంప్యూటర్లో మీ ఫైళ్ళు వదిలి రాకండి, పక్కన నిలబడి చెరిపించి రండి. పక్క మంచం తమ్ముడికి చేతకాకపోతే మీరే చేసిపెట్టండి.

పెట్టె చిన్నదైనా పెద్దదైనా, ట్రంకు అయినా ర్యాక్ అయినా, అందులో ఉన్నది ఒక్కచోటే ఉందంటే అది ఇంకా భద్రంగా లేనట్టే. ఈ ఒక్క ముక్క గుర్తున్నవారిని ఏ ఆఫీసైనా నమ్మి తాళంచెవి చేతికిస్తుంది. ఆ తాళంచెవులు మన హాస్టల్ పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించాలని కోరుకుంటూ సెలవు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు